విమానానికి ఒడిబియ్యం

నేను విమానాల్లో వైర్లు చూసే పని చేసి రిటైరైనోన్ని. చివరి పదేండ్లు పెద్ద కంపెనీల యజమానులు తిరిగే చిన్న జెట్ విమానాల దగ్గర పనిచేసినా కాబట్టి, పెండ్లిండ్లలో కనపడిన పిల్లోళ్లంతా వాటి గురించే అడుగుతారు. లోపల సోఫాలుంటాయంట కదా, ఫ్రిజ్జుంటాదంట కదా అని. ఉంటాయి నాయనా. ఉంటే నాకేంది? నేను పోయేసరికి ఆ సోఫాలన్నీ పీకి బయట పెట్టుంటారు. ఇన్ని గంటలు ఎగిరినాక లోపలి వైరింగంతా చూసి తీరాల్సిందేనని రూలు. సోఫాల కింద రేకు తీసి, టార్చిలైటు నోట్లో కరుచుకుని, బోర్లా పడుకుని ఒక్కో వైరునూ తడిమి చూసేదే నా ఉద్యోగం. అంతా బాగుంటే పుస్తకంలో సంతకం పెడతాం. ఆ సంతకం లేనిదే ఎంత గొప్పోని విమానమైనా నేల మీద నుంచి లేచేదానికి లేదు.

ఆ జెట్లలో చెప్పుకునేంత కథ నాకు ఒక్కటీ జరగలేదు. జరిగిందల్లా మన ఆళ్లగడ్డ దగ్గరే, సోఫా కాదు గదా, సరైన మెత్త కూడా లేని ఒంటి సీటు విమానంలో. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లోళ్లు ఎవరన్నా ఇది చదువుతాంటే కొంచెం చెవి పెట్టండి. మిగతావాళ్లు నవ్వుకోండి, నాకేం కోపం లేదు.

డెబ్బైలు దాటి ఎనభైల్లో పడిన రోజులవి. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడంతా పత్తి. ఆ ఏడు సరిగ్గా కాయ పట్టే టయానికి పచ్చపురుగు దిగింది. వీపుకు డబ్బా కట్టుకుని మందు కొట్టేవాళ్లు ఒక చేను ముగించేలోపల పక్క చేను అది తినేస్తాంది. అప్పుడు రైతులంతా కలిసి మా కంపెనీని అడిగి, మందు కొట్టే విమానాన్ని తెప్పించుకున్నారు. విమానంతో పాటు ముగ్గురం పోయినాం. పైలట్, ఇంజన్ మెకానిక్, వైర్లు చూసే నేను. ఆళ్లగడ్డకు నాలుగు మైళ్ల దూరంలో ఒక బీడును చదును చేసి విమానం దిగేదానికి తయారుచేసినారు. ఆ బీడు ఎవరిదనుకున్నారు? మా బావది. నేను పుట్టింది గడివేములలో, మా అక్కనిచ్చింది ఈ బీడున్న ఊరికి.

ఉద్యోగం మీద సొంతక్క ఊరికి పోయి బాగుపడినోన్ని నేనింతవరకు చూడలేదు. పొద్దున ఉగ్గాని, మధ్యాన్నం సంకటి, సాయంత్రం కారం బొరుగులు. విమానం దగ్గర పనిచేస్తాంటే పావుగంటకోసారి అక్క కేక. మా పైలట్ కొడగు ఆయన, మిలిటరీ నుంచి వచ్చినోడు, ఆరడుగుల పైన ఉంటాడు. కన్నడం, తెలుగు కలిపి కొట్టేవాడు. కరెంటు తీగల కింద నుంచి విమానాన్ని దూర్చి, అవతల నవ్వుకుంటా లేపేవాడు. మెకానిక్ నెల్లూరాయన, నాకంటే ఇరవై ఏండ్లు పెద్ద. ఆయన లెక్కలో విమానమంటే ఇంజనే. నా వైర్లను దారాలు అనేవాడు. "ఏందబ్బయా, దారాలు వడకడం అయిందా?" అని రోజూ ఒకసారన్నా అనకపోతే ఆయనకు అన్నం అరగదు. ఈ ఇద్దరూ నాలుగు రోజుల్లోనే మా అక్కకు అన్నలైపోయినారు, నేను సంచులు మోసే కూలోన్నైపోయినా.

ఆ విమానం చేను మీద మనిషి నెత్తికి కొంచెం పైన పోతాది. ఏ సాళ్లు అయినాయో, ఏవి మిగిలినాయో పైలట్‌కు తెలియాలంటే చేనుకు ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు తెల్ల జెండా పట్టుకుని నిలబడాల. విమానం నెత్తి మీదుగా పోయినాక నాలుగడుగులు పక్కకు జరగాల. ఇద్దరు కూలోళ్లు ఆ పని చేసేవాళ్లు. పిల్లోళ్లయితే వాళ్లను చూసి ఈలలు వేసేవాళ్లు.

వంతుల విషయంలో మా బావ పట్టుదల మనిషి. తన బీట్లో విమానం దిగుతాంది కాబట్టి ముందు తన చేనుకే కొట్టించుకున్నాడని ఎవరూ అనకూడదని తన వంతును అందరికంటే కడాకు పెట్టుకున్నాడు. అక్క రోజూ చేనులోకి పోయి కాయలు ఒలిచి చూసొచ్చేది. "ఈ రోజు పురుగులు ఇంకొంచెం ఎక్కువుండాయి" అని చెప్పేది. బావ ఉలకడు, పలకడు.

చివరికి ఆయన వంతు వచ్చింది. అదే పొద్దున విమానం గంటలు నిండి, వైరింగ్ చూడాల్సిన రోజు కూడా వచ్చింది. గంటలో అయిపోతాదని చెప్పి రేకులు విప్పడం మొదలుపెట్టినా. సీటు కింద ఒక రేకుంది, దానికి పద్దెనిమిది స్క్రూలు. దాన్ని తీసి టార్చి వేసినా.

లోపల బియ్యం. కొన్ని గింజలు, చానా పొట్టు. కొరికిన ఎండుకొబ్బరి గిన్నె, రెండు పసుపు కొమ్ములు, జిగటగా కరిగిన బెల్లం ముక్క. పీలికలు పీలికలైన పచ్చ రవికగుడ్డ. ఆ పీలికల మధ్య గులాబి రంగులో వేలి గోరంత ఎలకపిల్లలు, అయిదో ఆరో. ఆడబిడ్డ పుట్టింటి నుంచి కదిలేటప్పుడు ఒళ్లో పోస్తామే, ఆ ఒడిబియ్యం. ఎవరో విమానానికి ఒడిబియ్యం పోసినారు!

ఎవరో ఏంది, ఆ రవికగుడ్డను నంద్యాల బజార్లో మా అమ్మ అక్కకు పెట్టేదానికని బేరమాడి కొంటాంటే సంచి పట్టుకుని పక్కన నిలబడింది నేనే.

నవ్వొచ్చింది. టార్చి కొంచెం పక్కకు తిప్పేదాకానే. ఎలకలు బియ్యంతో సరిపెట్టుకోలేదు. పక్కనే పోయే రెండు వైర్లను జానెడు పొడుగున ఒలిచి, రాగి కనపడేటట్టు చేసిపెట్టినాయి.

"ఏందబ్బయా, అంతసేపు?" అని నెల్లూరాయన తల దూర్చినాడు.

"ఎలకలన్నా."

"ఏ దారం కొరికినాయి?"

"ఇంజన్ ఆపే స్విచ్చి వైర్లు. రెండూ."

ఆయన మొహంలో ఎకసెక్కం పోయింది. ఈ వైర్ల సంగతి మీకొక్క మాటలో చెప్తా. ఆ ఇంజన్ నడిచేదానికి ఈ వైర్లతో పనిలేదు, ఆపేదానికే ఇవి. రాగి పోయి విమానం రేకుకు తగిలిందంటే స్విచ్చి తిప్పినట్టే లెక్క. రెండూ తగిలితే ఇంజన్ టక్కున ఆగిపోతాది. మనిషి నెత్తంత ఎత్తున పోయేటప్పుడు ఆగితే పైలట్‌కు తిప్పుకునే ఎడం కూడా ఉండదు.

నా బయం దానికొక్కదానికే కాదు. దాచి ఏం లాభం, చెప్తా. అంతకు ముందు తనిఖీలో నేను ఆ రేకు తియ్యలేదు. పదహైదు రోజుల కింద, పద్దెనిమిది స్క్రూలు చూసి, అవతల అక్క "సంకటి ఆరిపోతాంది రా" అని అరుస్తాంటే, కొత్త వైర్లకు ఏమైతాదిలే అనుకుని సంతకం గీకేసి పోయి తిన్నా. ఉద్యోగంలో చేరినాక ఒంటరిగా నేను పెట్టిన మొదటి సంతకం అది.

విషయం బావకు చెప్పినా. ఎలకలన్నానే గానీ బియ్యం మాట ఎత్తలేదు. అక్క పేరు నలుగురిలో పడడం నాకిష్టం లేదు. పీలికల్ని జేబులో కుక్కుకున్నా. బావ వైర్ల వైపు చూసి తేలిగ్గా అన్నాడు.

"ఇంతేనా? టేపు సుట్టు బామ్మర్దీ. బాయికాడ మోటరు వైరు తెగితే మేం సుట్టుకోమా?"

"అది మోటరు బావా. ఆగితే బాయికాడే ఆగుతాది. ఇది ఆగితే ఆయప్ప యాడ ఆగల్ల?"

"అందరి సేన్లకూ ఎగిరింది. నా సేను కాడికి వచ్చేసరికి నీకు రూలు గుర్తొచ్చిందా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధమేముంది? అందరి చేన్లకూ ఆ విమానం నా దొంగ సంతకం మీదే ఎగిరింది.

పైలట్ దగ్గరికి పోయి చెప్తే ఆయన మీసం సవరించుకుని, "నోడప్పా, నాకు వైర్లు చదివేది రాదు. పుస్తకంలో నీ సంతకం చదివేది వచ్చు. అది ఉంటే ఎగురుతా, లేకుంటే లేదు" అన్నాడు. అంతే. అప్పటిదాకా సంతకమంటే కాగితం మీద గీత అనుకుంటాంటి.

మా మేనేజరు నంద్యాలలో లాడ్జిలో ఉన్నాడు. బస్సెక్కి పోయినా. ఆయన ఫ్యాను కింద బనీనుతో కూర్చుని ఇడ్లీ తింటాండాడు. విని, చట్నీ వేలు నాకి, చల్లగా చెప్పినాడు.

"టేపు చుట్టు, సంతకం పెట్టు. ఆ రూలు రాసినాయన ఢిల్లీలో ఉన్నాడు, పురుగు ఆళ్లగడ్డలో ఉంది. ఏది దగ్గర?"

"పైలట్ ఇంకా దగ్గర సార్. నా పక్క మంచంలోనే పడుకుంటాడు."

ఆయనకు కోపమొచ్చింది. "అయితే రైతులకు నువ్వే చెప్పుకో. నేను రాను" అని మళ్లీ ఇడ్లీ మీద పడినాడు. పోస్టాఫీసులో గంటన్నర కూర్చుని హైదరాబాదులో మా వర్క్‌షాపుకు ట్రంకాల్ చేసినా. వైరు చుట్టను తిరుపతి బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపిస్తామన్నారు. నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా ఎల్లుండి పొద్దున వస్తాది. అంటే చేనులో పురుగుకు ఇంకా రెండు రోజులు పండగ.

తిరిగొచ్చేసరికి బీట్లో యాభై అరవై మంది రైతులు, బావ చేనులో పురుగు మళ్లీ తమ చేన్లలోకి పాకుతాదని. ఎవరో పెద్దాయన నా మీదికే వచ్చినాడు. "ఏందప్పా, మాతో ఆటలాడుకుంటాండారా? కనపడని తీగకు కనపడే పంటను సంపుతారా?" నాలుగు దిక్కుల నుంచి అరుపులు. నేను చెప్పేది ఒక్కరూ వినరు. చెప్పి చెప్పి నాకూ తిక్కరేగింది. ఆ వయసులో నాకు కోపం ముక్కు మీదుండేది, ఇప్పుడు అద్దాలున్నాయి.

"సూడండి, నేనేం చెప్పను. మీరే సూడండి!" అని అరిచి, విమానం చక్రాలకు దిమ్మెలు పెట్టించినా. నెల్లూరాయన కాపలా నిలబడి అందరినీ దూరం జరిపినాడు. పైలట్ ఎక్కి ఇంజన్ వేసినాడు. దుమ్ము లేచింది, తలగుడ్డలు ఎగిరినాయి. ఇంజన్ మంచి ఊపు మీద మోగుతాంటే నేను లోపలికి చెయ్యి పెట్టి ఆ రెండు రాగి తీగల్ని రేకుకు అదిమినా.

ఇంజన్ ఆగిపోయింది.

దగ్గింది లేదు, మూలిగింది లేదు. ఉన్నట్టుండి చప్పుడే లేదు. ముందున్న ఫ్యాను నాలుగు చుట్లు తిరిగి నిలబడింది. అందరి కండ్లూ ఫ్యాను మీద నుంచి పైలట్ మీదికి పోయినాయి. ఆ మనిషి తాపీగా మీసం తుడుచుకుంటాండాడు.

అప్పుడు వెనక ఆడవాళ్లలో నుంచి మా అక్క ముందుకొచ్చింది. మొహం తెల్లగా పాలిపోయింది.

"ఆ రేకు కింద బియ్యమేమన్నా ఉన్యాయా?" అని అడిగింది నన్ను.

జేబులో నుంచి పచ్చ పీలిక తోక బయటికి వేలాడుతాంది, అది చూసింది.

"నేనే పెట్టినా, మొదటి రోజు ఎగరకముందే" అంది అందరి ముందరా. "మన పంటల్ని కాపాడేదానికి వచ్చింది, ఉత్త ఒళ్లో ఎట్ల పంపేది అనుకున్యా. మొగోళ్లు నగుతారని సీటు ఎనకాల సందులోంచి లోపలికి తోసినా. నా సేతులారా ఆ పైలటన్నను సంపుకునేదాన్నే!" అని ఏడుపందుకుంది.

నా వల్ల కాలేదు. "అక్క ఒక్కదానిదే కాదు తప్పు. పోయినసారి నేను ఆ రేకు తియ్యకుండానే సంతకం పెట్టినా. తీసుంటే ఆ రోజే కనపడేది" అన్నా. నెల్లూరాయన తల దించుకున్నాడు. పైలట్ సీట్లోంచి దిగి నా దగ్గరికొచ్చినాడు. ఈ రోజుతో నా ఉద్యోగం సరి అనుకున్నా.

"అంటే ఏనప్పా," అన్నాడు, "ఇన్ని రోజులు నేను ఎగిరింది పిల్లల్ని కన్న బాణంతి ఎలకతోనా? మెల్లగా నడపమని ఒక్క మాట చెప్పకూడదా!"

మొదట నవ్వింది మా అక్కే, ఏడుపులోనే. ఆ తర్వాత బీడంతా నవ్వింది. నా మీదికొచ్చిన పెద్దాయన అయితే కింద కూర్చుని కడుపు పట్టుకున్నాడు. నవ్వనిది మా బావ ఒక్కడే. తలగుడ్డ దులుపుకుని చేను వైపు పోయినాడు.

ఆ రెండు రోజులు ఏం చేసినామనుకున్నారు? అక్క ఊరి ఆడవాళ్లనందరినీ కేకేసింది. కిరసనాయిలు పోసిన డబ్బాలు చేతికిచ్చి అందరం బావ చేనులో సాళ్లెంబడి పురుగుల్ని ఏరినాం. ఎవరు ఎన్ని ఏరినారని పందేలు, పాటలు, ఒకరి మీద ఒకరు పురుగులేసుకోవడాలు. కరెంటు తీగల కింద దూరే మా పైలట్‌కు పురుగంటే చచ్చేంత బయమని అప్పుడే తెలిసింది. ఒక ముసలామె ఆయన చొక్కా మీద ఒకటి వేస్తే ఆరడుగుల మనిషి మూడు సాళ్లు ఎగిరి దూకినాడు. నెల్లూరాయన, "విమానం ఎందుకు దండగ, ఈయనకే రెక్కలు కట్టండమ్మా" అన్నాడు. నా బతుకులో అంత నవ్వింది లేదు. బావ మాత్రం నాతో మాట పెట్టుకోలేదు. నేను ఒక సాల్లోకి వస్తే ఆయన పక్క సాల్లోకి పోతాడు.

మూడో రోజు పొద్దున రోడ్డు మీద సగం ఊరుంది. తిరుపతి బస్సు ఆగింది. డ్రైవరు వైరు చుట్ట అందిస్తా, "ఇంతమంది ఎదురొచ్చినారు, లోపల దేవుడేమన్నా ఉన్నాడాప్పా?" అని అడిగినాడు. గుండు చేయించుకునేదానికి పోతాండే జనమంతా కిటికీల్లోంచి మమ్మల్ని చూసినారు.

పాత వైర్లు పీకి కొత్తవి వేసినా. దాంతో వదల్లేదు. ఆ విమానంలో ఉన్న రేకులన్నీ, ఒక్కటి మిగలకుండా తీసినా. నెల్లూరాయన నోరు తెరవకుండా స్క్రూలు అందించినాడు. అక్క అన్నానికి కేకేస్తే, "ఆరిపోనీ!" అని అరిచినా. పుస్తకం తీసి సంతకం పెట్టినా. పేరులో ఉన్న అక్షరాలన్నీ కనపడేటట్టు, బళ్లో రాసినట్టు.

అప్పుడొచ్చింది అసలు తంటా. జెండాలు పట్టుకునే ఇద్దరూ రామన్నారు. ఇంజన్ ఎట్ల ఆగిందో వాళ్ల కండ్లతోనే చూసినారు కదా! "మా నెత్తి మీద ఆగితే?" అన్నారు. ఊర్లో ఇంకెవర్ని అడిగినా వెనక్కి జరిగేవాళ్లే. నేను చూపించింది అంత బాగా బుర్రకెక్కింది. జెండా లేకుండా మందు కొట్టేదానికి లేదు. ఆ రోజు పోతే చేను పోయినట్టే.

నేనొక జెండా తీసుకున్నా. "ఈ చివర నేను నిలబడతా" అన్నా.

ఇంకొక జెండా నేల మీదుంది. రెండు రోజులుగా నా మొహం చూడని మా బావ వచ్చి దాన్ని వంగి తీసుకున్నాడు.

"నువ్వు నీ సంతకం కింద నిలబడేటట్టుంటే, నేనూ నిలబడతా బామ్మర్దీ" అని, నా జవాబు కోసం ఆగకుండా గట్టెంబడి ఆ చివరికి పోయినాడు.

విమానం లేచింది. నల్లమల వైపు పోయి, తిరిగి, చేనుకు దిగింది. మొదట బావ మీదుగా, తర్వాత నా మీదుగా. ఎన్నిసార్లు పోయిందో నాకు లెక్క లేదు. పోయినప్పుడల్లా చేనుకు ఆ కొసన తెల్ల జెండా నాలుగడుగులు పక్కకు జరిగేది, ఈ కొసన నేను జరిగేవాన్ని. ఆఖరి సాలు అయినాక పైలట్ రెక్కలు అటూ ఇటూ ఊపి బీట్లో దిగినాడు. నేనూ బావా నెత్తి నుంచి కాలి దాకా మందు కంపుతో నడిచొచ్చినాం. ఆ కాలంలో మాకు అంతే తెలివి. ఇప్పుడు అట్ల నిలబడమంటే నేనే వద్దని చెప్తా.

పైలట్ దిగి, మా అక్క కోసం వెతుక్కున్నాడు. "ఎట్లుంది తాయీ? మీ పత్తి మీద మందు బాగా పడిందా?" అని అడిగినాడు.

అక్క గట్టు మీదే కూలబడి ఉంది. లేచి, కొంగుతో మొగం తుడుచుకుని ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది.

"పైన నువ్వు. ఆ కొసన నా మొగుడు. ఈ కొసన నా తమ్ముడు" అంది. "ఇంజన్ సప్పుడు ఆగుతాదేమోనని చెవులు పెట్టుకుని కూర్చున్యానప్పా. పత్తి వైపు యాడ సూసినా?"